తమ్ముడు చూసిన హీటరు

ఆ కుటుంబంలో ఎవరింట్లో హీటరు దగ్గినా తమ్ముడే రావాలి. బయటి మెకానిక్కుని పిలిస్తే అతను అలుగుతాడు. ఆ అలక చలికాలం దాటి ఎండలు ముదిరినా చల్లారదు. అందుకని అందరూ అతనికి 'హీటరు డాక్టరు' అని బిరుదిచ్చి ఊరుకున్నారు. అతనూ డాక్టరులాగే హీటరుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, గుండె గట్టిదే అని ప్రకటించి భోజనానికి కూర్చునేవాడు. వైద్యం చెవితో మొదలై నోటితో ముగిసేది.

అక్కకి ఆ పొగరంటే మురిపెం. పొగగొట్టాలు బిగించేవాడికి ఆమాత్రం పొగరు ఉండదా అనేది.

అక్క దర్జీ. వెనకగదిలో కుట్టుమిషను, పక్కనే గోడకి గ్యాసు హీటరు. కిటికీలు బిడాయించుకుని పొద్దస్తమానం కుట్టేది. ఈసారి చలి మొదలైనప్పటినుంచీ తలనొప్పి. దారం ఎక్కించబోతే సూది రెండుగా కనబడేది. కూరగాయలకని వీధిలోకి వెళ్తే నొప్పి పోయేది. తిరిగొచ్చేసరికి అది తనకంటే ముందే వచ్చి మిషను ముందు కూర్చునేది. తమ్ముడితో చెప్తే, వయసు మీదపడుతోంది, కళ్ళజోడు మార్చుకో అన్నాడు. మార్చుకుంది. జోడు మారింది గానీ, తలతో నొప్పి జోడీ విడలేదు.

ఒక మధ్యాహ్నం ఓ నర్సు కోటు సరిచూసుకోవడానికి వచ్చింది. చేతులు చాపి నిలబడ్డ మనిషి కాసేపటికి తల తిరుగుతోందని గోడ పట్టుకుంది. ఈ గది మహిమే అంత, నాకూ రోజూ ఇంతే, బయటికెళ్తే తగ్గిపోతుంది అని అక్క నవ్వింది. నర్సు నవ్వలేదు. ఒక చెయ్యే తొడుక్కున్న కోటుతోనే హీటరు కట్టేసి, కిటికీలు బార్లా తెరిచి, అక్క రెక్క పుచ్చుకుని వీధిలోకి లాక్కెళ్ళింది. అక్కడినుంచి గ్యాసు కంపెనీకి ఫోన్ చేసింది.

కంపెనీ మనిషి వచ్చి హీటరు ఒక్క క్షణం వెలిగించగానే చేతిలో మీటరు గోల పెట్టింది. వెనక పొగగొట్టం అతుకు ఊడింది. బయటికి పోవలసినదంతా గదిలోకే వస్తోంది. దాన్ని కార్బన్ మోనాక్సైడ్ అంటారన్నాడు. రంగుండదు, వాసనుండదు, తలుపు కొట్టదు. చుట్టాల్లో ఇంత మర్యాదగా వచ్చేవాళ్ళెవరూ లేరు, కాకపోతే ఇది వచ్చిందంటే ఇంటివాళ్ళే లేవరు.

మూత విప్పబోతూ అతను ఆగాడు. ఎప్పుడో గోడకి రంగు వేయించినప్పుడు అక్క ఆ మూతకీ అదే రంగు కొట్టించింది. స్క్రూల మీద ఆ రంగు ఎక్కడా చిట్లలేదు.

"దీన్ని ఎవరూ విప్పనేలేదమ్మా," అన్నాడు.

తమ్ముడు ఏటేటా చూస్తాడని అక్క అతనితో వాదించింది. అతను గోడకున్న, ఈ వాయువు చేరితే మోగాల్సిన అలారం తీసి చూపించాడు. బ్యాటరీలుండాల్సిన గూడు ఖాళీ.

నర్సు ఊరుకోక ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ రక్తం పరీక్షించి, ఆక్సిజన్ పెట్టి, సాయంత్రానికి పంపించారు. కబురు తెలిసి తమ్ముడు ఇంటి గుమ్మంలోనే ఉన్నాడు. ఎలా ఉన్నావని అడుగుతాడని అక్క చూసింది.

"ఎవరికైనా చెప్పావా అక్కా?" అన్నాడు.

"బ్యాటరీలు ఏవిరా?"

అతను నసిగాడు. చలి మొదట్లో వచ్చినప్పుడు అలారం మోగిందట. తను బిగించిన హీటరు తప్పు చెయ్యదు గనక అలారమే చెడిందనుకుని, అక్క హడలిపోతుందని బ్యాటరీలు పీకేశాడట.

"మరి తలనొప్పి అని చెప్పినప్పుడో?"

"అప్పుడు అనుమానం వచ్చింది," అన్నాడు నేలచూపులు చూస్తూ. "విప్పితే తప్పు నాదేనని తేలుతుందిగా."

హీటరు గుండెకి చెవి ఆనించినవాడు అక్క మాట చెవిని పెట్టలేదు. అలారం నోరు నొక్కి ఆమె ఊపిరి మీదికి తెచ్చాడు. పైగా కళ్ళజోడొకటి అంటగట్టాడు. అక్కకి ఏడుపు రావాలి, రాలేదు. ఎవరో కొత్తమనిషి తన ఇంట్లో తమ్ముడి చొక్కా వేసుకుని నిలబడ్డట్టు అనిపించింది.

రేపే మొత్తం మార్చేస్తానని, విషయం పొక్కితే తన పొయ్యిలో పిల్లి లేవదని, పిల్లల మొహం చూడమని అతను బతిమాలాడు.

"పిన్ని వాళ్ళింట్లోది ఎప్పుడైనా విప్పావా?"

అతను తలుపు గడియ అటూ ఇటూ కదిపి చూశాడు.

"పోనీ, మీ ఇంట్లోది?"

"అదీ నేను బిగించిందేగా," అన్నాడు.

అక్క ఫోన్ తీసింది. దండం పెడతానన్నాడు, పెట్టాడు కూడా. అవతల మరదలు ఎత్తింది. ఆయన అక్కడే ఉన్నారా వదినా, ఏమైనా తిన్నారా అని అడిగింది.

"ఇక్కడే ఉన్నాడు. నువ్వు ముందు హీటరు కట్టేసి కిటికీలన్నీ తెరువు. పిల్లల్ని తీసుకుని బయటికి రామ్మా. వేరే మనిషి వచ్చి చూసేదాకా దాన్ని ముట్టుకోవద్దు. ఎందుకో మీ ఆయన్నే అడుగు."

పిన్ని నంబరు వెతుకుతుంటే తమ్ముడు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. అక్క విడిపించుకుని, పిన్ని ఎత్తేదాకా అతనికి వీపు పెట్టి నిలబడింది.