ఒక సున్న తక్కువ

అచ్చు మేస్త్రీకి జీవితంలో అచ్చొచ్చింది ఏదీ లేదు, ముఖ్యంగా అచ్చు. కుర్రతనంలో ఒక అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చే పని చేశాడు. పేర్చినవాడికి పేరెక్కడిది? ఆ పని ఊడాక రాతిపలకల మీద అక్షరాలు చెక్కడం నేర్చుకున్నాడు. నలభై ఎనిమిదేళ్లుగా రాళ్లతోనే కాపురం. "నాకు రాసిపెట్టింది రాయే" అని కొట్టుకొచ్చిన ప్రతివాడితోనూ అంటాడు. ఎవరూ నవ్వకపోతే ఆ లోటు తనే తీరుస్తాడు.

కొట్టు ఇరుకు. గోడలకీ, గడియారానికీ, కూతురి కనురెప్పలకీ కూడా రాతిపొడే. ఆ అమ్మాయి కంప్యూటర్ మీద అక్షరాలు గీసి, కాగితం తీసి, పలక మీద అంటిస్తుంది. ఆ గీతల వెంట ఆయన ఉలి నడిపిస్తాడు.

ఆ వేళ శతజయంతి కమిటీ కార్యదర్శి వచ్చాడు. కాలేజీలో సాహిత్యం చెప్పి రిటైరైనవాడు. క్లాసు పోయినా పాఠం పోలేదు. పెద్దాయన విగ్రహం కింద పెట్టే నల్లరాతి పలక మీద ఏం చెక్కాలో కాగితం మీద రాసి తెచ్చాడు.

పెద్దాయనంటే ఆ ఊళ్లో ఒక్కడే. వందేళ్ల కిందట పుట్టి, ఇరవయ్యేళ్ల కిందట పోయిన కవి. పన్నెండు పుస్తకాలు రాస్తే జనం నోట నిలిచింది ఒక్క ముక్క: "విత్తినవాడిదే పాట". బళ్లో పిల్లలు పాడతారు, సమ్మెల్లో పెద్దలు పాడతారు, పాడటం రానివాళ్లు గోడల మీద రాస్తారు.

మేస్త్రీ కాగితం అందుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు. 'విత్తినవాడిదే పంట' అని ఉంది.

"సార్, ఇక్కడ తప్పు పడింది. పంట కాదు, పాట."

"తప్పు ఇన్నాళ్లూ పడిందయ్యా. ఇప్పుడు దిద్దుతున్నాం. వాళ్లింటి అటక మీద పెద్దాయన చేతిరాత ప్రతి దొరికింది. అందులో శుభ్రంగా పంట అనే ఉంది. ఎవడో కంపోజిటర్ వెధవ నిద్రకళ్లతో పేర్చిన అచ్చుతప్పుని దేశమంతా నెత్తిన పెట్టుకుని ఊరేగించింది!"

మేస్త్రీ కాగితం కింద పెట్టాడు. కూతురు కీబోర్డు మీద వేళ్లు ఆపింది. ఆ కంపోజిటర్ వెధవ ఎవరో కొట్లో ఇద్దరికి తెలుసు.

"నిద్రకళ్లు కావు సార్. మెలకువగానే ఉన్నాను."

"నువ్వా?"

"నేనే. ఆ వారం పరీక్షా ఫలితాలు కూడా మా దగ్గరే అచ్చు. పేజీలకి పేజీలు నంబర్లు. అంకెల్లో సున్నలు చాలక, అక్షరాల గళ్లపెట్టెలోంచి సున్నలు కూడా ఎత్తుకెళ్లారు. పెద్దాయన పుస్తకం ఆఖరి లైనుకొచ్చేసరికి నాకు ఒక్క సున్న తక్కువైంది. సున్న లేకుండా పంట ఎలా పండుతుంది? మిషను దగ్గర్నుంచి మా ఓనరు కేకలు. ఆ లైను నోట్లో నాలుగుసార్లు తిప్పుకున్నాను. పంటయితే ఎవడో ఒకడు కోసుకుపోతాడు, పాటయితే ఎవడూ కోసుకుపోలేడు కదా అనిపించింది. 'ప' తీసేసి 'పా' పెట్టాను."

"దీర్ఘంగా ఆలోచించి దీర్ఘమిచ్చావన్నమాట!" కార్యదర్శి తన చమత్కారానికి తనే మురిసిపోయాడు. "ఇలా చెప్పుకునేవాళ్లు ఇప్పటికి ముగ్గురొచ్చారయ్యా. ఒకడైతే పాట మొత్తం తనే రాశానన్నాడు. ప్రూఫ్ ఏదీ? ప్రూఫ్ కావాలి."

"ఆ రోజు ఆ ప్రూఫు ఎవరూ చూడకపోబట్టే కదా సార్, మీకీ పాట దక్కింది."

కూతురు ఫక్కున నవ్వింది. కార్యదర్శి నవ్వలేదు.

"నాన్నా, నీ దగ్గరేదో కాగితం ఉందని ఒకసారి అన్నావు కదా? చూపించు."

"వద్దులేమ్మా."

"ఎందుకొద్దు? ఎప్పుడడిగినా ఇదే మాట!"

మేస్త్రీ కాసేపు పలక వంక చూశాడు. ఇంత బతుకులో తనదని చెప్పుకోడానికి ఉన్నది ఒక్క అక్షరం. అదీ ఇవాళ పోయేలా ఉంది. లేచి, పాత ఉలుల డబ్బా అడుగు నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో అచ్చయిన పేజీ ఒకటి. 'పాట' చుట్టూ ఎర్ర సిరాతో సున్న. పక్కన పెద్దాయన వాలు దస్తూరీ: "పాట కాదు, పంట! ఏ గాడిద పేర్చాడో వాణ్ని ఈ రోజే పంపించెయ్యండి."

ఆ పేజీ చేతిలో పెట్టి, ఆ రోజే పంపించేశారు. మూడు వారాలకి ఒక విమర్శకుడు 'పాట' అన్న ఆ ఒక్క మాట మట్టికి గొంతునిచ్చిందని పత్రికలో రాశాడు. మరుసటేడు బహుమతి. వేదికెక్కి పెద్దాయన, "ఆ మాట నాకు పొలం గట్టు మీద తట్టింది" అన్నాడు. ఆఖరి వరసలో నిలబడి ఉన్న మేస్త్రీకి, గట్టు మీద కాదు, గళ్లపెట్టెలో అని అరవాలనిపించింది. అరవలేదు. గాడిద అరిస్తే ఓండ్రపెట్టాడంటారు.

కూతురి చూపు కాగితం మీది 'గాడిద' దగ్గరే ఆగిపోయింది. "ఇందుకా నాన్నా చూపించలేదు?"

"గాడిద కూతురివని తెలిస్తే బాధపడతావని."

కార్యదర్శి కాగితం లాక్కుని వెలుతురుకి పట్టాడు. "ఇది పెద్దాయన దస్తూరీయే! సందేహం లేదు!"

మేస్త్రీ ఛాతీ ఒక అంగుళం పెరిగింది. నలభై ఎనిమిదేళ్ల తర్వాత ఒక చదువుకున్నవాడు నమ్మాడు.

"పంట అని ఆయనే, ఆశ్చర్యార్థకం పెట్టి మరీ రాశారు! ఇంకేం కావాలయ్యా? ఇప్పటిదాకా నా దగ్గర ఒక్క సాక్ష్యమే ఉంది. ఇది రెండోది. ఇక ఎవడూ నోరెత్తలేడు. పంటే!"

పెరిగిన అంగుళం దిగిపోయింది.

"అది కాదు సార్. బహుమతి పుచ్చుకుంటూ ఆయనే పాట అన్నారు. రెండో ముద్రణలో కూడా దిద్దలేదు."

"మొహమాటం. గొప్పవాళ్లకి మొహమాటం ఎక్కువ."

"మరి నా పేరు..."

"పేరా?" కార్యదర్శికి నిజంగానే ఆశ్చర్యం వేసింది. "తప్పు చేసినవాడి పేరు ఎవరైనా రాతిమీద వేస్తారటయ్యా? ఈ కాగితం మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెడతాం. పలక పదిహేను రోజుల్లో కావాలి."

పలక చెక్కమని చెప్పి, కాగితంతో సహా చెక్కేశాడు. ఆపుదామని లేచిన మేస్త్రీ చెయ్యి సగం దూరం వెళ్లి, నమస్కారంలా మారి కిందికి దిగింది.

"పాట అనే చెక్కెయ్ నాన్నా," అంది కూతురు. "ఇది సీసం కాదు, రాయి. ఎవడు చెరుపుతాడో చూద్దాం."

రెండ్రోజులు పలక చుట్టూ తిరిగాడు. మూడో రోజు చెప్పాడు: "వద్దమ్మా. అప్పుడు సున్న లేక మార్చాను. ఇప్పుడు కసితో మారిస్తే, నాది తప్పని వాళ్లన్నది నిజమైపోతుంది. పైగా పలక పడేసి ఇంకోడి చేత చెక్కిస్తారు. వాడికి సున్న గుండ్రంగా రాదు."

సున్న దగ్గర ఒక పూటంతా కూర్చున్నాడు. ఆనాడు ఆఫీసంతా వెతికినా దొరకని సున్నని ఈనాడు తన చేత్తో తనే చేసుకోవాల్సి వచ్చింది. అంత చక్కటి సున్న ఆయన జన్మలో చెక్కలేదు.

ఆవిష్కరణ రోజు కార్యదర్శి చేతిరాత ప్రతి గురించి అరగంట మాట్లాడాడు. ఇన్నాళ్ల అచ్చుతప్పుకి ఈనాటితో చెల్లుచీటీ అన్నాడు. చప్పట్లు కొట్టారు. తర్వాత అలవాటుగా జనమంతా గొంతెత్తారు: "విత్తినవాడిదే పాట..." కార్యదర్శి మైకు లాక్కుని "పంట! పంట!" అని వత్తి వత్తి పలికాడు. అది తాళం అనుకుని ఇంకా హుషారుగా పాడారు.

పాడుతున్నంతసేపూ అందరి చూపూ విగ్రహం మొహం మీదే. మేస్త్రీ మాత్రం పలక వంక చూస్తూ నిలబడ్డాడు.

పాట అయ్యాక చేతిసంచితో ఒకావిడ ముందుకొచ్చింది. పలక మీది అక్షరాలు వేలితో తడుముతూ పైకే చదివి, సున్న దగ్గర ఆగిపోయింది.

"అయ్యయ్యో, బంగారంలాంటి పాటని పంట చేసి పెట్టాడు! ఏ గాడిద చెక్కాడో!"

"ఏమండీ..." అంటూ కూతురు ముందుకి ఉరికింది. మేస్త్రీ ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు.

"ఆ గాడిదేనమ్మా," అన్నాడు ఆవిడతో. "ఆనాటి గాడిదే."

ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. పెద్దవాడేదో జోకేశాడనుకుని మర్యాదకి నవ్వింది.

ఈసారి మేస్త్రీ నవ్వలేదు.