కోడలి నీడలో ఎర్రబడిన మేపుల్స్

హనుమకొండలో మిర్చి వ్యాపారి రాజేశ్వర్ రావు ఇంట్లో పొద్దున్నే ముందు చాయ్, ఆ తర్వాత పెరట్లో మిర్చి ఆరబోయడం. ఈ రెండింటి మధ్య కోడలు హారికను లోపలికి పొమ్మంటారు. ఆమె మీద కోపమేం లేదు. హారిక నీడ చల్లగా ఉంటుంది, అంతే. అది పడ్డచోట మిర్చి తేమ పడుతుంది, తేమ పడితే ఎనుమాముల మార్కెట్లో రేటు పడుతుంది. పాలు తోడుపెట్టేటప్పుడు అత్త భారతి కూడా ఆమెను ముందుగదికి పంపేస్తుంది. ఆకుకూరల యాకమ్మ ఒక్కతే గంప దించి, "జర ఇట్ల నిలబడు బిడ్డా, తోటకూర వాడిపోతాంది" అంటుంది. ఇక భర్త శశాంక్ సంగతి చెప్పక్కర్లేదు. మే నెలలో అంత ప్రేమగా పెళ్లాం వెంట తిరిగే మొగుడు వరంగల్ మొత్తంలో ఇంకొకడు లేడు.

అలాంటి హారికకు జపనీస్ మేపుల్స్ మీద మనసైంది. చేతివేళ్లలా చీలిన ఆకులు, చలి తగిలితే ఎర్రబడతాయి. కొండల మీది నర్సరీ నుంచి కుండీల్లో మొక్కలు తెప్పించింది. పెరట్లో ముగ్గుపిండితో గీతలు గీసింది. పొడుగువి గోడ వెంట, పొట్టివి ముందు, మధ్యలో దారి, పైన గ్రీన్ నెట్. పెళ్లయ్యాక ఆ ఇంట్లో తనకంటూ ఆమె అడిగింది ఆ పెరడొక్కటే. మామ చాలాసేపు ఆలోచించి గడువు పెట్టాడు. ఉగాదికి మార్కెట్ వాళ్లను పిలుస్తాడు. వాళ్లకు ఎర్రాకులు చూపిస్తే పెరడు ఆమెది, లేకపోతే మళ్లీ మిర్చిది. అందాకా మిర్చి మేడ మీద ఎండుతుంది.

శివరాత్రికి హారిక పుట్టిల్లు పాలకుర్తికి పోయింది. తప్పు అప్పుడే జరిగింది. పైకి చెప్పడు గానీ, కోడలే గెలవాలని రాజేశ్వర్ రావుకు లోపల ఉంది. ఎరుపు ఎక్కడి నుంచి వస్తుందో మిర్చి వ్యాపారికి ఒకరు చెప్పాలా? ఎండలోంచే వస్తుంది. కుండీలన్నీ మేడ ఎక్కించి, టార్పాలిన్ మీద వరసగా పేర్చాడు. పొద్దున ఒక పక్కకు, మాపటికి ఇంకో పక్కకు తిప్పాడు. కోతులు రాకుండా కాపలా కూడా కాశాడు, పాపం. హారిక తిరిగొచ్చేసరికి ఆకులు అప్పడాల్లా ఉన్నాయి.

"కలర్ వస్తదనుకున్న బిడ్డా" అన్నాడు, పొడైన ఆకును అరచేతిలో పట్టుకొని.

హారిక కళ్లు తుడుచుకుని ఒక కొమ్మను గోటితో గీకింది. లోపల పచ్చగా ఉంది. "పాణం ఉన్నది మామయ్యా. కిందికి దించుండ్రి."

చిన్నప్పటి నుంచీ ఆమెకు నీడ దాచుకోవడమే అలవాటు. ఇప్పుడు దాన్ని పరిచింది. నెట్ పీకేసి, పాత ముగ్గు చెరిపి, నడుమ పీట వేసుకుని కొత్తగా గీసింది. పొద్దున నీడ పడమటి గోడదాకా సాగుతుంది కాబట్టి పెద్ద మొక్కలు అక్కడ. మధ్యాహ్నం కాళ్ల దగ్గరికి ముడుచుకుంటుంది కాబట్టి పొట్టివి అక్కడ. సాయంత్రపు నీడకు తూర్పున మిగిలినవి. హారిక పొద్దంతా అక్కడే కూర్చుంటే, భారతి అన్నం పీట దగ్గరికే తెచ్చేది. వంటింట్లో పెరుగు గడ్డగా తోడుకుంటోందని ఆమె సంతోషం ఆమెది. శశాంక్ మురిపెంగా గొడుగు తెచ్చి భార్య మీద పట్టాడు. నీడకే నీడ పడతావా అని తండ్రి తిట్టి లోపలికి తోలాడు.

చిగురొచ్చింది. ఆకు విచ్చింది. ఉగాది నాటికి పెరడంతా ఎరుపు.

మార్కెట్ వాళ్లు పచ్చడి తాగి పెరట్లోకొచ్చారు. అలవాటుకొద్దీ ఆకును వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, కలర్ ఫస్ట్ క్లాస్ అన్నారు. ఏం మందు కొట్టావని వాళ్లలో శ్యాంసుందర్ సేటు అడిగాడు.

రాజేశ్వర్ రావు మీసం దువ్వాడు. "మందు గిందు ఏం లేదు సేటూ. మా కోడలి నీడ."

శ్యాంసుందర్ తలూపాడు. తన కోడలికి అలాంటిదేదీ లేదే అని కాసేపు దిగులుపడి, ఇంకో గ్లాసు పచ్చడి అడిగాడు.

మర్నాడు హమాలీ పాత అలవాటున మిర్చి బస్తాను పెరటి గుమ్మం దాకా మోసుకొచ్చాడు. రాజేశ్వర్ రావు మేడమెట్ల వైపు చెయ్యి చూపించాడు.

"ఒక మూలకు పోసుకోండ్రి మామయ్యా, నేను జరుగుత" అంది హారిక, పీట మీంచి లేవబోతూ.

"కూసో బిడ్డా" అన్నాడాయన. "ఎండ ఊరంత ఉన్నది. చల్లదనం మనింట్లనే ఉన్నది."