వాయిదా అడిగిన నల్లకోటు

నేను ఒక నల్లకోటును. పుట్టినప్పుడు నిఖార్సయిన నలుపు. ఇప్పుడు మోచేతుల దగ్గర బూడిద రంగు, మెడ దగ్గర నూనె మెరుపు. ప్రస్తుతం ఒక వకీలు గారి ఆఫీసు మూలలో పాత టైపు మిషనుకు ముసుగుగా ఉన్నాను. జాలిపడకండి. ఇన్నేళ్లు కోర్టులో నిలబడ్డవాడికి ఓ మూల కూర్చోవడానికి చోటు దొరికితే అదే పింఛను.

నన్ను కుట్టింది కోర్టు వీధిలోని మస్తాన్‌వలీ. కొలతలిచ్చింది అప్పుడే లైసెన్సు పుచ్చుకున్న బసవపున్నయ్య. మనిషి చువ్వలా ఉండేవాడు. ఆరేళ్లు ఒక పెద్ద వకీలు వెనక కాగితాల కట్టలు మోశాడు. ఆ ఆరేళ్లలో జడ్జి గారి ముందు అతని నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటే: "మా సీనియర్ గారు పక్క కోర్టులో ఉన్నారండీ, వాయిదా ఇప్పించండి." ఆ తర్వాత నానా తంటాలూ పడి, ఓడిన కేసుల్లోనే పని నేర్చుకుని తానూ సీనియర్ అయ్యాడు. పొట్టకూ పెద్దరికం వచ్చింది. బొత్తాం పట్టక నన్ను మేకుకు తగిలించి మరో కోటు కుట్టించుకున్నాడు.

అప్పటి నుంచి నేను ఆఫీసు ఆస్తిని. కోటు కొనుక్కోలేని జూనియర్ ఎవరొచ్చినా నన్నే తొడుక్కోవాలి. మొదటిరోజు వాళ్ల గుండె ఎలా కొట్టుకుంటుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, నా లోపలి జేబు దాన్ని ఆనుకునే ఉంటుంది. పాపం, ఏళ్ల తరబడి చదివి, ఎలాగో లైసెన్సు రుసుము కట్టి, ప్రమాణం చేసి వస్తారు. వచ్చాక వాళ్లకు నేర్పేది ఆ ఒక్క వాక్యమే. కట్ట మోయవచ్చు గానీ విప్పకూడదు. ఒకడు ఏడాది తిరక్కుండా స్థలాల బేరాల్లోకి పోయాడు. ఇంకొకడు బ్యాంకు పరీక్ష రాసుకున్నాడు. వాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లతోపాటు లేచి కూర్చుని, లేచి కూర్చుని నాకే విసుగొచ్చింది.

అలాంటప్పుడు కెజియా వచ్చింది. వాళ్లమ్మ మార్తమ్మ మిరపకాయల కొట్లో తొడిమలు తీసే పని చేస్తుంది. కూతురి లైసెన్సు రుసుము కోసం ఆవిడ రెండేళ్లు ఎన్ని బస్తాల తొడిమలు తీసిందో చెప్పలేను. సెలవుల్లో కెజియా కూడా పక్కన కూర్చుని తీసేదట. మొదటిరోజు ఆమె వేళ్లు నా కాలరుకు తగిలితే చిన్నగా మిరప ఘాటు వచ్చింది. భుజాలు వదులవుతుంటే లోపల రెండు పిన్నీసులు పెట్టుకుంది.

"కేసు కట్ట ఒకసారి చదవమంటారా అండీ?" అని వారంలోపే అడిగింది.

"చదువుదువుగానిలేమ్మా, కంగారేముంది? ముందు కోర్టు అలవాటు కానీ," అన్నాడు బసవపున్నయ్య.

రెండేళ్లలో బాగానే అలవాటైంది. ఆ అలవాటే కొంప ముంచింది.

మా కక్షిదారుల్లో అంకమ్మ అని ఒకావిడ ఉంది. బస్టాండు ఎదుట ఇడ్లీ కొట్టు. ఆ స్థలం తనదనీ, ఖాళీ చేయించమనీ పక్క షాపు యజమాని ఆవిడ మీద దావా వేసి మూడేళ్లయింది. ఆ కొట్టు పోతే అంకమ్మకు మరో బతుకుదెరువు లేదు. ఒక వాయిదా రోజున బంట్రోతు మూడుసార్లు పిలిచినా యజమానీ రాలేదు, అతని వకీలూ రాలేదు. దావా వేసినవాడు రాకపోతే దావా కొట్టేస్తారు. జడ్జి గారు కలం అందుకుని, "ప్రతివాది తరఫున ఎవరు?" అన్నారు.

కెజియా లేచింది. 'మేం హాజరండీ, కొట్టేయండి' అంటే చాలు. కానీ నోరు తన దారిన తాను పోయింది.

"మా సీనియర్ గారు పక్క కోర్టులో ఉన్నారండీ, వాయిదా ఇప్పించండి."

హాలంతా గొల్లున నవ్వింది. "చేతికొచ్చిన కేసుకు కూడా వాయిదానా అమ్మా? సరే, అడిగారుగా," అని జడ్జి గారు తేదీ రాసేశారు. కెజియా తేరుకుని మళ్లీ నోరు తెరిచేసరికి బంట్రోతు తర్వాతి కేసు పిలిచేశాడు.

వరండాలో అంకమ్మ ఎదురొచ్చింది. "ఏందమ్మా, అందరూ నవ్వుతున్నారు? మనం గెలిచినట్టేనా?"

ఇలాంటప్పుడు చెప్పడానికి వకీళ్ల దగ్గర వంద అబద్ధాలుంటాయి. నా జేబులో కొన్నింటిని మోసినవాణ్ణే.

"లేదు పెద్దమ్మా. ఇయాల్టితో అయిపోవాల్సింది. నేనే చెడగొట్టాను," అంది కెజియా.

అంకమ్మ పొయ్యి మీద పప్పు పెట్టొచ్చానంటూ వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. మెట్ల మీద కూర్చుని కెజియా నా చేతితోనే కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది గానీ, కోటు ఏడిస్తే ఎవరికి కనపడుతుంది?

ఆ వారమే వకీళ్ల సంఘం సమావేశం. ఈ సంగతి పట్టుకుని అధ్యక్షుడు గారు ఉపన్యాసం దంచారు. కొత్తగా లైసెన్సు తెచ్చుకునేవాళ్లకు ఏమీ రావడం లేదట. ఇకపై జూనియర్లు ఏటా శిక్షణ రుసుము కట్టాలి, కట్టనివాళ్లకు సంఘంలో చోటు లేదు, ఇదీ తీర్మానం. రుసుము ఎంతో రాశారు. ఏం నేర్పుతారో రాయలేదు. మళ్లీ అంత కట్టాలంటే కెజియా మిరపకాయల కొట్టుకు పోవడమే.

వెనక వరసలోంచి లేచింది.

"మా అమ్మ ఒకసారి కట్టిందండీ. కట్టాక రెండేళ్లలో మూడొందల సార్లు లేచాను. ప్రతిసారీ అదే మాట చెప్పమన్నారు. మొన్న కూడా అదే చెప్పాను. నాకు వచ్చింది అదొక్కటేనండీ. రుసుము కట్టమనేముందు, మాకు నేర్పాల్సింది ఎవరో అది కూడా రాయండి సార్."

పెద్దలంతా కాసేపు గుసగుసలాడి, విషయం లోతుగా ఆలోచించాల్సి ఉంది కాబట్టి తీర్మానాన్ని వచ్చే నెలకు వాయిదా వేశారు. నేను నవ్వాపుకోలేకపోయాను. పిన్నీసు ఊడింది.

మర్నాడు మధ్యాహ్నం బసవపున్నయ్య భోజనానికి వెళ్లకుండా అంకమ్మ కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. చాలాసేపు దాని ముడి సవరిస్తూ కూర్చున్నాడు.

"నాకూ ఎవరూ నేర్పలేదమ్మా. నేర్పాలంటే ఎక్కడ మొదలెట్టాలో తెలియడం లేదు."

"మొదటి పేజీ నుంచి మొదలెడదామండీ," అంది కెజియా.

విప్పితే దుమ్ము లేచింది. ఇద్దరూ తుమ్ముకుంటూ చదివారు. నేర్పుతూ ఆయన కూడా నేర్చుకుంటున్నాడని నాకు అర్థమైంది. ఆ మనిషి మీద ఇన్నాళ్లున్న కోపం ఆ పూటే పోయింది. తర్వాతి నెల సంఘంలో రుసుము మాట తీసేయించి, ప్రతి సీనియరూ వారం ముందే జూనియరుకు కట్ట ఇవ్వాలనీ, నెలకొక కేసైనా వాదించనివ్వాలనీ తీర్మానం పెట్టింది ఆయనే. మిగతా పెద్దలు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు.

విచారణ రోజున షాపు యజమాని బోనెక్కాడు. కెజియా అడిగినవి మూడే ప్రశ్నలు.

"మీ కొనుగోలు దస్తావేజులో తూర్పు హద్దు ఏమిటండీ?"

"మున్సిపాలిటీ రోడ్డు."

"ఆ హద్దు మీద గోడ కట్టింది ఎవరు?"

"నేనే."

"అంకమ్మ కొట్టు ఆ గోడకు ఏ పక్కనుంది?"

అతను తన వకీలు వైపు చూశాడు. "తూర్పు పక్క," అన్నాడు చివరికి.

గోడకు అవతలిది రోడ్డు స్థలం, అంటే కొట్టు ఉన్న చోటు అతనిది కానే కాదు. మూడేళ్లుగా ఆ హద్దు కట్టలో ఐదో పేజీలోనే ఉంది. ఎవరూ చదవలేదు, అంతే.

తీర్పు రోజున దావా కొట్టేశారు. వెనక బల్ల మీద అంకమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. జడ్జి గారు, "ప్రతివాది తరఫున వకీలు బసవపున్నయ్య గారు" అని స్టెనోకు చెబుతుండగా మా పెద్దాయన లేచాడు.

"మన్నించాలి. ఈ కేసు వాదించింది నేను కాదండీ."

జడ్జి గారు ఇటు తిరిగారు. ఆమె మూడొందల సార్లు లేచింది ఆయన ముందే. బసవపున్నయ్య గారి జూనియర్ అనే తప్ప ఆమెను ఎప్పుడూ మరోలా పిలవలేదు.

"మీ పేరు చెప్పండమ్మా."

లోపలి జేబు దగ్గర గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంది.

"గొల్లమూడి కెజియా, అడ్వకేట్."

స్టెనో రాసుకున్నాడు.