నోరా ఆంటీ పుట్టిన ఏడు

కేక విని మేం పరుగెత్తేసరికి నోరా ఆంటీ కింద పడి ఉంది. ఆమె తల నేలకు తగలకుండా మాతో పనిచేసే హెప్సి తన ఒళ్లు అడ్డం వేసింది. కార్డిఫ్‌లో మా కేర్ హోమ్‌లో ముసలివాళ్లను మంచం మీంచి ఎత్తే హాయిస్ట్ యంత్రం దగ్గర ఇద్దరుండాలి. కొత్త మేనేజర్ ప్రతి షిఫ్టులో ఒకరిని తీసేశాడు. ఆ రోజు హెప్సి ఒక్కతే ఎత్తింది.

"ఇది నీ నిర్లక్ష్యం," అన్నాడతను హెప్సితో, అందరి ముందూ. "ఇంకోసారి జరిగితే నీ వీసా స్పాన్సర్‌షిప్ రద్దు."

ఆ సాయంత్రం కమిలిన చెయ్యి నిమురుకుంటూ నోరా ఆంటీ తను పుట్టిన బెల్‌ఫాస్ట్ సంగతి చెప్పింది.

"నేను పుట్టిన 1932లో డబ్లిన్ వీధుల నిండా ప్రార్థనలకొచ్చిన జనం. హర్లింగ్ అనే మా కర్రబంతి ఆటలో కిల్‌కెన్నీ జట్టు గెలిచింది. ఒలింపిక్స్‌లో ఐర్లండ్‌కి ఒక్కరోజే రెండు బంగారు పతకాలు. పేపర్ల నిండా అవే. మా ఇంట్లో రొట్టె లేదు. కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ పడని ఊరు మాది. పని లేనివాళ్ల భత్యం పెంచమని ఆ అక్టోబరులో రెండు వాడలూ కలిసి రోడ్డెక్కాయి. పోలీసులు కాల్చారు. మనుషులు పోయారు. మా నాన్న కాల్లో తూటా దిగింది. సర్కారుకు భత్యం పెంచక తప్పలేదు."

"తర్వాత?" అంది హెప్సి.

"మళ్లీ మతం పేరు చెప్పి మమ్మల్ని విడగొట్టారు. అదే నా కడుపుమంట."

ఆదివారం తెలుగు ప్రార్థన అయ్యాక హోమ్‌లో పనిచేసే తెలుగువాళ్లమంతా చర్చి హాల్లో కూర్చున్నాం.

"వీసా పోతే పిల్లల్నేసుకుని ఎక్కడికెళ్తాం?" అన్నాడు హోమ్ కిచెన్‌లో పనిచేసే సత్యానందం అంకుల్. "హెప్సి తప్పు ఒప్పేసుకుంటే పోద్దిగా!"

వరంగల్ వసుధ మండిపడింది. "మీ చర్చోళ్లకు పగటి డ్యూటీలు, మాకేమో నైట్లు. ఇప్పుడు యాదికొచ్చినమా?"

"డ్యూటీల రోటా నేనేశానా వసుధా?" అంది హెప్సి. "మనం కొట్టుకుంటుంటే ఆ మేనేజర్ చూస్తా కూర్చున్నాడు. రేపు నువ్వొక్కదానివే ఎత్తుతుంటే ఎవరన్నా పడతారు. అప్పుడు పోయేది నీ వీసా."



"సరే," అంది వసుధ. "ఒక్కరం ఎత్తొద్దు. ఎవ్వరం."

అంకుల్ తల దించుకునే ఉన్నాడు.

సోమవారం పొద్దున, నైట్ డ్యూటీ వాళ్లు దిగే వేళ, నోరా ఆంటీని ఒంటరిగా ఎత్తనంది హెప్సి. మేనేజర్ అక్కడికక్కడే సస్పెండ్ చేశాడు.

"రెండో మనిషినివ్వండి. ఆంటీని కుర్చీలో కూర్చోబెట్టే వెళ్తాను," అని ఆమె కదలకుండా నిలబడింది.

మేనేజర్ పిలిస్తే పోలీసులొచ్చారు. చెరో పక్కా నడుస్తూ ఆమెను తీసుకుపోయారు. మంచం మీంచి నోరా ఆంటీ తిట్టిన తిట్లు కారిడార్ చివరిదాకా వినిపించాయి.

"నువ్వు ఎత్తు," అన్నాడు మేనేజర్ వసుధతో.

"ఒక్కదాన్ని ఎత్త."

అంకుల్ కిచెన్‌లోంచి వచ్చి హాయిస్ట్ రెండో పక్క పట్టుకున్నాడు.

"నీ పని కిచెన్‌లో. నిన్నూ పంపిస్తాను!"

"పంపండి సార్. ఎంతమందిని పంపుతారు?"

ఇద్దరూ నోరా ఆంటీని మెల్లగా కుర్చీలోకి దించారు. రోటా మారలేదు. హెప్సికి చేస్తే ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. 

వసుధ పక్క గది తలుపు తెరిచింది. "ఈడ రెండో మనిషెవ్వరు?"

కారిడార్‌లో ఉన్న వాళ్లమంతా ఒక్కసారే అడుగు ముందుకేశాం.