శుభం పడని పొగ

మోటారుసైకిలు చల్లగా ఉన్నప్పుడు కిక్కు కొడితే పొగగొట్టంలోంచి మా నాన్న వస్తాడు. నలభై సెకన్లు ఉంటాడు. ఇంజను వేడెక్కేకొద్దీ పొగ పలచబడుతుంది, ఆయనా పలచబడతాడు. పదకొండేళ్ళుగా ఇంతే. ఆదివారాలు కూడా.

ఆయన పేరు జక్రయ్య. ఆయన పని రీళ్ళు మోయడం. ఆ రోజుల్లో మా ఊరి సినిమా హాలుకూ, నాలుగు మైళ్ళ అవతల పక్కూరి హాలుకూ కలిపి ఒకటే ప్రింటు వచ్చేది. ఇక్కడ ఆడి దిగిన రీలును రేకు పెట్టెలో వేసుకుని బండి మీద అక్కడికి చేర్చాలి. కాస్త ఆలస్యమైతే పక్కూళ్ళో హీరోయిన్ కన్నీళ్ళు తుడుచుకోకుండా ఆగిపోతుంది, జనం ఈలలు వేస్తారు. ఆయన ఎప్పుడూ ఆలస్యం చేయలేదు. ఒక్క సినిమా కూడా కూర్చుని చూడలేదు. చదువు రాదు. ఒక్క మాటను మాత్రం ఆకారం చూసి పోల్చుకుంటాడు. అది ఆఖరి రీలు చివర తెర మీద పడే శుభం. అది పడితే ఆ రోజుకు పని అయినట్టు.

నా డిగ్రీ ఫలితాలకు తొమ్మిది రోజుల ముందు ఆయన పోయాడు. మా ఇంటి మొత్తానికి అదే మొదటి డిగ్రీ. అందుకని రోజూ పొద్దున్నే పట్టా పట్టుకుని పొగగొట్టం దగ్గర నిలబడతాను.

"అయిపోయిందంట్రా ఏలియా, చదువు?" అంటాడు పొగలోంచి.

"అయిపోయింది నాన్నా. ఇదిగో పట్టా."

ఆయన వేలు పైనుంచి కిందికి వెతుకుతుంది. "శుభం పళ్ళేదుగా. ఇంకో రీలేదో మిగిలుంది. పోయి చదువుకో."

అంతలో ఇంజను వేడెక్కుతుంది.

ఈ మధ్య నలభై సెకన్లు ఇరవై అయ్యాయి. ప్లగ్గుకు మసి పట్టి, ఎనిమిది తొమ్మిది కిక్కులకు గానీ బండి అందుకోవడం లేదు. నిన్న ఆయన నడుము వరకే వచ్చాడు. ఇంకో నాలుగు రోజులు పోతే చెయ్యి ఒక్కటే వస్తుందేమో, దానికి పట్టా ఏం కనిపిస్తుంది? అందుకని ఇవాళ ఆఫీసుకు సెలవు చీటీ పంపి, బండిని వినుకొండ రోడ్డులోని బాజీ మామ షెడ్డుకు తోసుకుంటూ తెస్తున్నాను. నాన్నకు మొదటి నుంచీ బండి చూసింది ఆయనే.

షెడ్డు ముందు బెంచీ మీద మూడు పొగలు కూర్చుని ఉన్నాయి. చివర కూర్చున్న నల్లటి అవ్వ ఒక మోపెడ్ తాలూకు మనిషి. దగ్గుతోంది.

"ఆయమ్మకేం కాలేదు," అంటాడు బాజీ మామ. "గాలాడక పెట్రోలెక్కువ తాగింది. ఫిల్టరు దులిపితే తేరుకుంటది. నీ సంగతేంది అల్లుడూ?"

"పొద్దున్నే నీలం పొగ మామా. నాన్న సగమే వస్తున్నాడు."

ఆయన ఇంజను మీద చెయ్యి పెట్టి చూస్తాడు. "ఎండకి కాగింది. చల్లబడితేగానీ చెప్పలేను." నిచ్చెన వేసుకుని అటక మీంచి ఒక పాత డిసెంబరు తెల్లవారుజామును దించుతాడు. మడతలు విప్పి, తడిగోనె కప్పినట్టు ఇంజను మీద కప్పుతాడు. నా పళ్ళు టకటకమంటాయి.

"కొట్టు కిక్కు."

తొమ్మిదో కిక్కుకు అందుకుంటుంది. ముందు తెల్లటి పొగ. "ఇది నీళ్ళు. గొట్టంలో పట్టిన మంచు. దీనికి భయపడనక్కర్లా," అంటాడు. వెంటనే నీలం వస్తుంది. దానితో నాన్న వస్తాడు. డిసెంబరు కప్పి ఉండటంవల్ల ఇంజను వేడెక్కదు. అందుకని ఇవాళ ఆయన కాళ్ళతో సహా వచ్చి, చెప్పులు దులుపుకుంటున్నాడు.

"ఏం బాజీ, బాగుండావా?"

"బాగానే ఉండా జక్రయ్యా. కాస్త పక్కకి జరుగు, గొట్టం చూడాల." మామ నా వైపు చెయ్యి చాపుతాడు. "తెల్ల కాయితం ఉందా?"

నా దగ్గర పట్టా ఒక్కటే ఉంది. ఇస్తాను. దాన్ని గొట్టానికి అడ్డం పెడతాడు. "మసైతే పొడిగా రాలుద్ది. ఇది జిడ్డు. ఆయిలు మండతంది." పట్టా నిండా నూనె మరకలు పాకుతున్నాయి. "లోపల సీలరిగితే ఆయిలు రాత్రంతా చుక్క చుక్క దిగి, పొద్దున మండుద్ది." ఆయిలు పుల్ల బయటికి లాగి చూస్తాడు. కనుబొమలు ముడుస్తాడు. "కింద చుక్క కూడా తగ్గలా. అంటే పైనుంచి వస్తంది." ట్యాంకు మూత తీసి వేలు ముంచి వాసన చూస్తాడు. "పెట్రోల్లో టూటీ ఆయిలు కలుపుతున్నావా?"

"లీటరుకు రెండు మూతలు. నాన్న చెప్పాడు. ఏ రోజూ మానలేదు."

"అది మీ నాన్న మొదటి బండి సంగతి, ఆయిలు కలపందే అది నడవదు. ఈ బండికి అక్కర్లేదని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. పాత బండి తాగింది, దీనికెందుకు పస్తు అనేవాడు."

"తప్పేముంది?" అంటాడు నాన్న.

"మానేస్తే ఏమవుతుంది మామా?"

"పొగ పోద్ది."

"మానకపోతే?"

"బండి పోద్ది. రెండూ ఉండాలంటే నా కాడ మందు లేదు."

డిసెంబరు అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. పట్టా నా చేతికి తిరిగి వస్తుంది. నూనె తాగి కాగితం పారదర్శకమైంది, దాని వెనక నా వేళ్ళు కనిపిస్తున్నాయి. హెడ్‌లైటు వేసి దాని ముందు పట్టుకుంటాను. షెడ్డు నిండా ఉన్న పొగ మీద అక్షరాలు గోడంత పెద్దవై పడతాయి.

నాన్న వెనక్కి వెనక్కి నడిచి బెంచీ మీద అవ్వ పక్కన కూర్చుంటాడు. ఆయన కూర్చోవడం నేను చూడటం ఇదే మొదటిసారి.

"పేర్లు పడతన్నాయి," అంటాడు అవ్వతో. "మావాడిది." తర్వాత నన్ను అడుగుతాడు, "ఎన్నో రీల్రా?"

"ఆఖరిది నాన్నా."

"శుభం పళ్ళేదుగా."

నా వేలికి నల్లటి జిడ్డు నూనె అంటి ఉంది. పట్టా అడుగున సంతకం పక్కన రెండక్షరాల చోటు ఉంది. కానీ శుభం పడ్డాక హాల్లో ఎవరూ ఉండరు. అది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"రాయి అల్లుడూ," అంటాడు బాజీ మామ నెమ్మదిగా. "డిసెంబరు కారిపోతంది."

రాస్తాను.

పొగ మీద ఆ మాట పడుతుంది. నాన్న పైనుంచి వెతకడు. చూడగానే పోల్చుకుంటాడు. పక్కూరి హీరోయిన్ లాగా, కన్నీళ్ళు తుడుచుకోకుండా ఆగిపోతాడు.

"అమ్మయ్య," అంటాడు. "ఇక పెట్టె సర్దు."

బాజీ మామ ఇంజను ఆపి, ట్యాంకు వంచి పెట్రోలు పారబోస్తాడు, కొత్తది పోస్తాడు, ప్లగ్గు తుడిచి బిగిస్తాడు. ఒకే కిక్కుకు బండి అందుకుంటుంది. గొట్టంలోంచి నాలుగు నీటి చుక్కలు పడి ఊరుకుంటాయి. పొగ లేదు. బెంచీ మీద నాన్న లేడు, అవ్వ తన పక్కన ఒక మనిషి కూర్చున్నంత జాగా ఆపి ఉంచింది.

పట్టాను చుట్టగా చుట్టి, బండి వెనక ఇప్పటికీ ఉన్న నాన్న రేకు పెట్టెలో పెడతాను. బండి ఎక్కుతాను. గేరు వేయబోతుంటే వెనక షాకబ్సార్బర్లు ఒక మనిషి బరువుకు కిర్రుమని దిగుతాయి. అద్దంలో చూస్తాను. ఎవరూ లేరు. పెట్టె అంచు నా వీపుకు ఆనుతోంది.

క్లచ్చి వదులుతాను. అద్దంలో వినుకొండ రోడ్డు నేల మీంచి ఊడి, రెండంచులా చిల్లులున్న నల్లటి ఫిల్ము పట్టీలా లేచి, వెనక చక్రానికి చుట్టుకుంటోంది. షెడ్డూ, బెంచీ, మా వీధీ, రెండు హాళ్ళూ ఒక్కొక్కటే చుట్టలోకి వస్తున్నాయి. చక్రం పెరుగుతోంది, బండి వెనక వైపు ఎత్తవుతోంది. ముందు మాత్రం తెల్లగా, ఏమీ పడని రోడ్డు ఉంది. పక్కూళ్ళో జనం ఇంకా ఈలలు వేయలేదు.