మోగని మగ్గం

ధర్మవరంలో నాగరత్నమ్మ నోరంటే వీధంతా హడలే. వాళ్లింట్లో ముట్టయిన ఆడది మగ్గం తాకకూడదు, పట్టుచీర మైలపడుతుందని కట్టడి. కోడలు హేమావతి నెలనెలా మూడు దినాలు అట్లా మూల కూచుంటే, "చీర యాడిదాడే నిలబడిపాయ కదే!" అని సణిగి సణిగి చంపేది.

ఇప్పుడు ఆ మూడు దినాల కోసమే నాగరత్నమ్మ ముఖం వాచిపోయి ఉంది.

హేమావతికి రొమ్ము క్యాన్సరు. కడుపు పండకముందే దాపురించింది పాపిష్టి రోగం. కీమోకి అండాశయాలు దెబ్బతిని పిల్లలు పుట్టకపోవచ్చని బెంగుళూరు డాక్టర్లు చెప్పినారు. అవి నిలబడాలని అత్తాకోడళ్లు వారం వారం రైలెక్కి, హిందూపురంలో చైనా సూదుల వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి పోయినారు.

"సాయపడొచ్చు, పడకపోవచ్చు. మాట ఇయ్యలేనమ్మా. పెద్దాసుపత్రి మందు మాత్రం ఆపొద్దండి" అని ఆమె ముందే చెప్పింది.

నాగరత్నమ్మ చెవికి సాయమనే మాటొక్కటే ఎక్కింది. కోడలి పొట్టమీద, కాళ్లమీద సూదులు గుచ్చుతుంటే తాను కళ్లు మూసుకునేది. తిరిగొచ్చేటప్పుడు రైలు పెనుకొండలో ఆగితే బాబయ్య దర్గా వైపు చేతులెత్తేది. "సామీ, దానికొక బిడ్డనియ్యి."

కీమో అయిపోయి నెలలు గడిచినా ముట్టు రాలేదు. తెల్లారితే హేమావతి మగ్గం టకటకా మోగేది. ఆ చప్పుడు వింటే పెద్దామె ప్రాణం ఉసూరుమనేది.

ఒక పొద్దున మగ్గం మోగలేదు.

నాగరత్నమ్మ తొంగి చూసింది. హేమావతి మూల గోడకానుకుని కూచోనుంది. అయ్యో నా తల్లే! అడిగితే యాడ దిష్టి తగులుతుందోనని అడగలేదు. బెల్లమేసి పాయసం కాచింది. ఎదురింటి ఉలిగమ్మతో, "మా హేమ బయట కూచుండాదే!" అని చెప్పి ఏడ్చేసింది కూడా.

గిన్నె తెచ్చి కోడలి ముందర పెట్టింది.

"ఏంటికత్తా పాయసం?"

"తినవే. మూడు దినాలు మగ్గం జోలికి పోవద్దు. చీర యాడికీ పోదులే."

హేమావతి తలెత్తలేదు. రెండు చేతులూ చాచింది. "అది కాదత్తా. కీమో అయినకాడ్నుంచీ వేళ్లు మొద్దుబారతానే ఉండాయి. ఓర్చుకున్నా. ఈ పొద్దు పోగు పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలీలేదు. అందుకే లేచేసినా."

నాగరత్నమ్మ ఆడ్నే కూలబడి, ఆ వేళ్లను ఒళ్లో పెట్టుకుని నలుపుతా ఉండిపోయింది.

"ఎవరికన్నా చెప్పేసినావా అత్తా?"

"ఊ."

"ఏమే హేమా, ఎంత చల్లని మాట ఇన్నానే!" అంటా ఉలిగమ్మ నవ్వుకుంటా గడప దాటి వస్తాంది.