ఎసరు నీళ్ళతో బ్రెడ్డు

శివకుమారికి బుద్ధెరిగిన నాటినుంచీ రొట్టె అంటే ఒకటే పద్ధతి. ఎసరు కళపెళ కాగాలి, అందులో జొన్నపిండి పడాలి, చెయ్యి చురుక్కుమంటున్నా పిసకాలి. తొమ్మిదో తరగతిలో బడి మాన్పించాక ఆమె నేర్చుకున్న మొదటి విద్య అదే. అందుకే ఆ గురువారం పొద్దున సెల్‌ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి బ్రెడ్డు చేయడానికి కూర్చున్నప్పుడు కూడా, ముందుగా పొయ్యి మీదికెక్కింది నీళ్ళే.

ఆమెకిది సరదా పని కాదు. రెండున్నరేళ్ళ కూతురు సాహితి నెల కిందట జ్వరంతో కర్నూలు ఆసుపత్రిలో ఆరు రోజులు ఉంది. ఆ ఆరు రోజులూ పాలల్లో అద్దిన బ్రెడ్డు ముక్కే తింది. ఇంటికొచ్చాక అన్నం ముద్ద చూపిస్తే పెదాలు బిగిస్తుంది, సంగటి అంటే మొహం తిప్పుకుంటుంది. పోనీ అని ఊరి అంగట్లో బ్రెడ్డు కొంటే, అడుగు ముక్కలకు పచ్చటి బూజు. చూసుకునేసరికే పాప రెండు ముక్కలు తినేసింది. ఆ రోజంతా వాంతులు. అప్పటినుంచి శివకుమారి అంగడి బ్రెడ్డు కొనడమే మానేసింది.

వచ్చే శుక్రవారం అంగన్‌వాడీలో పిల్లల బరువు తూకం. "ఈ తడవ కూడా తగ్గిందనుకో, మళ్ళా కర్నూలుకు రాసియ్యాల్సి వస్తాది" అని టీచరు రత్నమణి ముందే చెప్పి పెట్టింది. ఇంక వారమే గడువు.

భర్త వీరభద్ర డోన్‌లో బండల పాలిషు పనికి పోతాడు. నిన్న సాయంత్రం కిలో మైదా, ఈస్టు అని ఒక చిన్న పొట్లం తెచ్చి చేతిలో పెట్టాడు. "దీంతోనే పొంగుతాదంట. ఎట్లని నన్నడగొద్దు. అంగడాయప్పకే తెలీదు."

ఆమెకు దొరికిన వీడియోలో మాటల్లేవు, వట్టి సంగీతం. రెండు తెల్లటి చేతులు గిన్నెలో నీళ్ళు పోస్తాయి, చక్కెర వేస్తాయి, ఈస్టు చల్లుతాయి. కింద ఇంగ్లీషు అక్షరాలు చీమలబారులా పరుగెత్తుతాయి. ఆమె మొదటి మాట కూడబలుక్కునేలోగా ఆ చేతులు పిండి పిసికేస్తుంటాయి. నీళ్ళు వేడివో చన్నీళ్ళో చేతులు చెప్పలేదు. చెప్పేదేముంది, రొట్టెకు ఎసరు పెట్టాలని తెలియనిదెవరికి?

అరకిలో మైదా, సగం పొట్లం ఈస్టు, ఇంత చక్కెర, చిటికెడు ఉప్పు. వాటి మీద పొగలు కక్కే నీళ్ళు. తెడ్డుతో కలిపి, చేతులు ఊదుకుంటూ పిసికి, తడిగుడ్డ కప్పింది.

గంట గడిచింది. గుడ్డ తీస్తే పిండి అలిగి పడుకున్న మనిషిలా కదలక మెదలక ఉంది. రెండు గంటలైంది. అంతే.

శివకుమారి ఫోను మీద పడింది. ఈసారి తెలుగులో చెప్పే వీడియోలు దొరికాయి. ఒకామె ఎండలో పెట్టమంది. ఇంకొకామె ఫ్రిజ్‌లో పెట్టమంది. మూడో ఆమె, ఉప్పు నేరుగా తగిలితే ఈస్టు చచ్చిపోతుందని చెప్పింది. చచ్చిపోవడమేమిటి? అయితే అందులో ప్రాణముందా? ప్రాణమున్నదాన్నా తను పాపకు పెట్టబోతున్నది? గిన్నెను ఎండలో పెట్టింది, భయమేసి నీడకు తెచ్చింది, మళ్ళీ ఎండలో పెట్టింది.

పశువుల పాక నుంచి వచ్చిన అత్త హనుమంతమ్మ ఆ తిరుగుడంతా చూసింది.

"ఏమే, ఏం చేస్తాండావు?"

"బ్రెడ్డత్తా. పాపకు."

"ఇంట్లో ఎవరికి జ్వరం ఇప్పుడు?" హనుమంతమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. ఆ ఊళ్ళో బ్రెడ్డంటే రోగిని చూడబోయేవాళ్ళు పండ్లతోపాటు తీసుకుపోయే వస్తువు. "జ్వరం లేని ఇంట్లో బ్రెడ్డు చేసుకుంటారా ఎవురన్నా? రోగాన్ని పిలిచి పీటేసినట్టుండాది."

"అన్నం తినదు, సంగటి తినదు. నన్నేం చేయమంటావత్తా?" గిన్నెను అత్త ముందుకు జరిపింది. "ఇదేమో పొంగల్యా."

అత్త మెత్తబడింది. పిండిని వేలితో పొడిచి చూసింది. "దేంతో పొంగాల?"

"ఈస్టని. దానికి ప్రాణముంటాదంట. తీపి తిని పొంగుతాదంట."

"నీళ్ళేం పోసినావు?"

"ఎసరే."

"కళపెళ కాగేదా?"

"రొట్టెకు అదే కదత్తా!"

"పాలకు తోడేసేటప్పుడు కాగే పాలల్లో వేస్తావా?"

"ఎవురన్నా వేస్తారా? వేలు పెట్టి చూసి, ఆరినాక..." శివకుమారి ఆగిపోయింది.

"ప్రాణముందంటివి. దాని మీద ఎసరు కుమ్మరిస్తివి. ఇంగ పొంగుతాదా, శాపం పెడతాదా?"

"అయితే ఇది కూడా తోడేనా అత్తా?"

"నాకేం తెలుసు? నేనేమన్నా బ్రెడ్డు ఫ్యాక్టరీలో పుట్టినానా? ఆ ముద్ద బర్రెకు పెట్టు, మళ్ళా కలుపు."

మిగిలింది సగం పొట్లమే. ఇదీ పోతే మళ్ళీ డోన్ నుంచి రావాలి. ఈసారి నీళ్ళు వేలు ఓర్చుకునేంత ఆరేదాకా ఆగింది. చక్కెర, ఈస్టు కలిపి గిన్నె ముందే కూర్చుంది. కాసేపటికి నురగ లేచింది. అది మంచి నురగో చెడ్డ నురగో ఆమెకు అర్థం కాలేదు. అయినా పిండి కలిపింది. మధ్యాహ్నానికి ముద్ద రెండింతలై గుడ్డను పైకి నెట్టింది.

ఇంట్లో ఓవెను లేదు. కుక్కర్ అడుగున ఉప్పు పోసి, పైన పిండి గిన్నె పెట్టి, రబ్బరు, విజిలు తీసేయాలన్న మాట మాత్రం అన్ని వీడియోల్లోనూ ఒకటే. అట్లాగే పెట్టింది. అయినా పేలుతుందేమోనని, పాపను చంకనేసుకుని ముప్పావు గంట గడప అవతలే నిలబడింది.

బ్రెడ్డు అడుగున మాడింది. పైన తెల్లగా, పౌడరు రాసినట్టుంది. కానీ నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకి లేచింది. ఒక ముక్క తుంచి, పాలల్లో అద్ది పాప నోటి దగ్గర పెట్టింది.

సాహితి ఆ గుండ్రటి బ్రెడ్డు వంక చూసి తల అడ్డంగా ఊపింది. "బెడ్డు కాదు."

"బ్రెడ్డే నాయనా. అమ్మ చేసింది."

"కాదు!"

శివకుమారికి దిక్కు తోచలేదు. ఉప్పెక్కువైందా? మాడు వాసనా? తను తిని చూసింది, బాగానే ఉంది. మరెందుకు కాదు? బిడ్డ మొహంలోకి చూసింది, బ్రెడ్డు వంక చూసింది. అప్పుడు తట్టింది. పాప చూసిన బ్రెడ్డెప్పుడూ నాలుగు పలకలుగానే ఉంది.

కత్తిపీట ముందేసుకుని అంచులన్నీ కోసి, మధ్యలోంచి ఒక పలక తీసింది. కాస్త వంకర పోయింది. పాప అటూ ఇటూ తిప్పి చూసి, పాలల్లో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది.

అంచులను హనుమంతమ్మ శెనక్కాయల పొడి అద్దుకుని తింటోంది.

"ఇంగోటి" అని సాహితి చెయ్యి చాపింది.

శివకుమారి చెయ్యి కత్తిపీట దగ్గరే ఆగింది. "పెట్టొచ్చా అత్తా? ఒకేసారి రెండంటే అరగదేమో. రాత్రి వాంతి చేసుకుంటే?"

"నెలనాళ్ళకు నోరు తెరిచి అడిగితే నన్నడుగుతాండావా? పెట్టు."

పెట్టాలో వద్దో ఆమెకు ఇంకా తేలలేదు. అయినా కోసింది. ఈ పలక మొదటిదానికంటే కాస్త పెద్దదే వచ్చింది.